రెండు జాతుల గుర్తులుగల రక్తవ్యాధి

మన దివిసీమలో జ్వరము వచ్చినచో దోమకాటని తలంతుము. పలుమారు నిజమే. కాని దేహము పాలిపోయి, చిగుళ్లనుండి నెత్తురు కారుచున్నయెడల రక్తపరీక్ష చేయింపవలయును. తీవ్ర ల్యుకేమియా కావచ్చును.

ఈ వ్యాధిలో ఎముకల మూలుగయందు పక్వముగాని కణములు మితిమీరి పెరుగును. సాధారణముగా నవి మైలాయిడ్, లింఫాయిడ్ అను రెండు జాతులలో నొకదానికే చెందును. నూర్గురు రోగులలో ఇద్దరు మొదలు అయిదుగురికి మాత్రము రెండింటి గుర్తులును కానవచ్చును: కొందరికి ఒకే కణముపై, కొందరికి వేర్వేరు గుంపులపై. సూక్ష్మదర్శిని యొక్కటే చాలదు. రంగుకట్టిన ప్రతిరక్షకములను కణములకంటించి లేజరు వెలుగున చూతురు. జాతి తెలిసినగాని మందు తేలదు. పెద్దలలో కొందరికి ఫిలడెల్ఫియా క్రోమోజోము కూడ నుండును. దానికి వేరుగా మాత్రలు కలవు.

తరచుగా లింఫాయిడ్ చికిత్సనే ముందు నడపుదురు. అందు వాడు మెథోట్రెక్సేటు మన పొరుగున భీమవరమందు 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపరచిన మందుల కోవలోనిదే. ఆ కోవలోని అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా కొంతకాలము అణగెనని 1948లో ఫార్బరు ప్రకటించెను.