చెవికి అందని తాళం

పల్నాటిలో ఏటా కార్తీక మాసంలో కారెంపూడి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వాద్యాలు మోగేచోట నిలిచినవారికి ధ్వని చెవికే కాదు, రొమ్ముకూ తెలుస్తుంది. ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం ఈ అదురులోనే ఉన్నది. చెవి వినిపించని పసివారికి సంగీతం నేర్పవచ్చునా?

ధ్వని అంటే కంపనమే. డప్పు మీద దెబ్బ పడగానే దాని చర్మం అదిరి, ప్రక్కనున్న గాలిని కదిలిస్తుంది. ఆ కదలిక సెకండుకు 20 నుండి 20,000 సార్ల వరకు ఉంటే చెవి గ్రహిస్తుంది. మన ఒంటి చర్మానికి ఇంత శక్తి లేదు. సుమారు 1000 కంపనాలు దాటితే అది గుర్తించలేదు; 250 ప్రాంతంలో దాని గ్రహణశక్తి హెచ్చు. అందుచేత డప్పు లయ స్పర్శకు బాగా అందుతుంది. సన్నని స్వరభేదాలు అందవు.

2001లో అమెరికాలో డీన్ షిబాటా అనే వైద్యుడు పుట్టు చెవుడు గలవారి చేతికి కంపనాలు అందించి చూశారు. ఇతరులలో ధ్వనిని గ్రహించే మెదడు భాగమే వారిలో ఈ స్పర్శకు స్పందించింది. పుట్టి రెండు మూడు రోజులైన శిశువుల మెదడు కూడా, తాళంలో ముఖ్యమైన దెబ్బ తప్పితే పసిగడుతుందని 2009లో వెల్లడైంది. అంటే లయజ్ఞానానికి పునాది పుట్టుకతోనే ఉన్నది.

మన దేశంలో ఇందుకు మంచి ఉదాహరణ ఉన్నది. 1919లో విజయనగర సంస్థానాధిపతి సంగీత కళాశాల స్థాపించడానికి కారణం ఒక అంధ బాలుని సంగీతాభిలాషయే. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు. ఆయన తరువాత 1936లో ఆ పదవి చేపట్టిన వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారికీ చూపు తక్కువే.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల అంగన్‌వాడీలలో 3 నుండి 6 ఏండ్ల పిల్లలకు పాటలు నేర్పేవారి శిక్షణలో ఈ విషయాలు చేరాలి. డప్పును సిమెంటు నేల మీద కాక చెక్కబల్ల మీద ఆనించాలి. సిమెంటు నేల అంతగా అదరదు. పలుచని చెక్క అదిరి, దానిపై కూర్చున్న పిల్లలకు లయను అందిస్తుంది. ఊదిన బుడగను అరచేతులతో పట్టుకుంటే అదురు మరింత తెలుస్తుంది. ఆదితాళంలోని 8 క్రియలు చరుపులు, వ్రేళ్ళ లెక్కలు, విసుర్లు. అవి చెవిటి పిల్లలకు కంటికి కనిపిస్తాయి. చూపులేని పిల్లలకు చేయి పట్టి నేర్పవచ్చు. నడవలేని పిల్లలు కూర్చుండియే వేయవచ్చు.

అయితే చెవిటి పిల్లల కోసమని డప్పును మరీ గట్టిగా మోగించరాదు. అది మిగిలిన పిల్లల చెవులకు హాని చేస్తుంది. కొందరు పిల్లలు పెద్ద ధ్వనికి బెదరిపోతారు కూడా. కావలసింది ధ్వనిని పెంచడం కాదు, కంపనాన్ని చేతికి చేర్చడం.

పాట మొదలుకాగానే ఒక మూల ఊరక కూర్చోబెట్టే పసివాడు కూడా తాళం వేయగలడు. ముందుగా వాడి చేతిని డప్పు మీద ఉంచాలి.