పడవలో అందరిదీ ఒకే ప్రాణం

రంజాన్ పండుగ తరువాత మా మద్రసా విద్యార్థులు కొందరు, పులిచింతల జలాశయంలో పడవ నడిపి వస్తామని అనుమతి అడిగారు. బెల్లంకొండ పరిసరాల పిల్లలకు ఆ నీరు పొరుగింటి వంటిది. “లైఫ్ జాకెట్లు ఉన్నాయా?” అన్నాను. “మాకు ఈత వచ్చు మౌలానా!” అన్నాడొకడు. ఆ జవాబుకే నాకు భయం కలిగింది.

వారు ఈత నేర్చినది బావిలో, ఇది 45.77 టీఎంసీల జలాశయం. 2021 ఆగస్టు 5న దాని 16వ నంబరు గేటే కొట్టుకుపోయింది. ఇదే కృష్ణలో, దిగువన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద, 2017 నవంబరు 12న అనుమతి లేని విహార పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు ఒంగోలు నుంచి సరదాగా కలిసి వచ్చినవారే.

ఓడలో కింది అంతస్తువారు నీటి కోసం తమ భాగంలోనే రంధ్రం చేసుకోబోవడం, పైవారు వారిని ఆపకపోతే అందరూ మునగడం గురించి దైవప్రవక్త (సల్లం) చెప్పిన ఉపమానం సహీహ్ బుఖారీలో ఉంది. పుట్టిలో సెల్ఫీ కోసం లేచి నిలబడేవాడు చేసేది ఆ రంధ్రమే. ఈత రాని మిత్రుణ్ణి బెదిరించడానికి పడవ ఊపడం మన యువకులకు వినోదం. తోటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని అబూదావూద్ హదీసు. ఎగతాళిని నిషేధించినది హుజురాత్ సూరా.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది సున్నత్. నీటిపై ఆ అమీరు పడవవాడే. అతడు ఏ మతస్థుడని చూడనక్కరలేదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (సల్లం)కు దారి చూపిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ఎందరు ఎక్కాలో, ఎప్పుడు తిరగాలో అతని మాటే చెల్లాలి. ఉక్కగా ఉన్నా జాకెట్టు పట్టీలు బిగించే ఉండాలి. ఒడిలో పెట్టుకున్న జాకెట్టు ఎవరినీ తేల్చదు. ఎవరైనా పడితే వెంటనే దూకవద్దు, తెడ్డు గాని తాడు గాని అందించండి. ఆనకట్ట గేట్ల దగ్గరికి అసలే పోరాదు.

మునిగి మరణించినవారికి షహీద్ పుణ్యం ఉందని కొందరు గుర్తు చేస్తారు. అది బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఓదార్పు. పడవ ఎక్కేవాడికి అనుమతి పత్రం కాదు.

మా పిల్లలకు ఒకటే షరతు పెట్టాను: జాకెట్లు, తెలిసిన పడవవాడు దొరికితే ఎక్కి అస్ర్ లోపు ఒడ్డుకు చేరండి, లేకపోతే గట్టుపైనే భోజనం చేసి రండి. జాకెట్లు దొరకలేదట. గట్టునే కూర్చుని, బిర్యానీ గిన్నె ఖాళీ చేసుకుని మగ్రిబ్‌కు వచ్చారు.