బాకీ ఎవరిది? భారం ఎవరిపై? – ఫుట్‌బాల్ క్లబ్బుల రుణభారం, ఆర్థికన్యాయం

వ్యాససంగ్రహం:
క్లబ్బుల మధ్య పోటీ సమంగా ఉండాలన్నది ఐరోపా ఫుట్‌బాల్ ఆర్థికనియమాల ముఖ్యోద్దేశం. క్లబ్బు కుప్పకూలినప్పుడు ఎవరి బాకీ తీరుతుంది, ఎవరిది మునుగుతుంది అన్న ప్రశ్నకు అవి పాక్షికంగానే సమాధానమిస్తాయి. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ క్లబ్బు ఉదాహరణతో ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫుట్‌బాల్, రుణభారం, దివాలా, రుణదాతలు, ఆర్థికన్యాయం.

1. ఉపోద్ఘాతం:
రాబడికి మించి ఖర్చు చేసిన వ్యాపారి చివరికి మార్కెట్టులో దెబ్బతింటాడు. ఫుట్‌బాల్‌లో మాత్రం అప్పు చేసి మేటి ఆటగాళ్లను తెచ్చుకున్న క్లబ్బు ముందుగా గెలుస్తుంది; ఉన్నంతలో నడుచుకొనే క్లబ్బు దాని చేతిలో ఓడుతుంది. అప్పు తీరని రోజు వచ్చేసరికి కప్పు గెలిచినవారి పేరు చరిత్రలో నిలిచిపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఆర్థికన్యాయాన్ని మూడు వైపుల నుంచి పరిశీలించాలి: పోటీదారులకు జరిగే న్యాయం, రుణదాతలకు జరిగే న్యాయం, క్లబ్బును తమదిగా భావించే ఊరివారికి జరిగే న్యాయం.

2. అప్పులలో రకాలు:
అప్పులన్నీ ఒకే స్వభావం కలవి కావు. స్టేడియం నిర్మాణానికి చేసిన అప్పు దీర్ఘకాలంలో రాబడిని పెంచవచ్చు. జీతాల కోసం చేసిన అప్పు రేపటి గెలుపుపై కాసిన పందెం వంటిది. లీడ్స్ యునైటెడ్ రాబోయే సంవత్సరాల టికెట్ల రాబడిని చూపి 2001లో 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. అదే ఏడాది ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడినా, ఆ తరువాత ఆ పోటీకి అర్హత దక్కకపోవడంతో లెక్క తప్పింది. 2004లో ఆ క్లబ్బు ప్రీమియర్ లీగ్ నుంచి కింది అంచెకు పడిపోయింది.

మూడవది కొనుగోలు అప్పు. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు, అందుకు తెచ్చిన అప్పులో పెద్దభాగం క్లబ్బు పద్దులోనే చేరింది. నాలుగవది యజమాని అప్పు. చెల్సీకి రోమన్ అబ్రమోవిచ్ ఇచ్చిన సుమారు 150 కోట్ల పౌండ్లు ఈ కోవలోనివి. 2022లో క్లబ్బు అమ్మకం సందర్భంలో ఆ మొత్తం రద్దయింది. ఇటువంటి అప్పు ఎంత ఉన్నదన్న దానికంటే, ఇచ్చినవాడు ఎంతకాలం అండగా ఉంటాడన్నదే ప్రధానం.

3. పోర్ట్స్‌మత్ పతనం:
1898లో ఏర్పడిన పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. రెండేళ్లు తిరగకుండానే, 2010 ఫిబ్రవరిలో, ప్రీమియర్ లీగ్‌లో ఉండగా దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లిన మొదటి క్లబ్బు అయింది. లీగ్ 9 పాయింట్లు కోత విధించింది. జట్టు పట్టికలో అట్టడుగున నిలిచి కింది అంచెకు దిగింది. అప్పటికి బాకీలు 10 కోట్ల పౌండ్లు దాటాయి. 2012లో మరోసారి దివాలా ప్రక్రియ తప్పలేదు. 2013 నాటికి క్లబ్బు నాలుగవ అంచెకు చేరింది. ఆ ఏడాదే అభిమానుల ట్రస్టు ముందుకొచ్చి, సభ్యులు తలా వెయ్యి పౌండ్ల వంతున కొన్న వాటాల సొమ్ముతో క్లబ్బును నిలబెట్టింది.

4. రుణదాతలలో తారతమ్యం:
2010 నాటి బాకీల జాబితాలో ఆటగాళ్లు, ఇతర క్లబ్బులు, పన్నులశాఖతో పాటు స్థానిక వ్యాపారులు, ప్రథమచికిత్స అందించే స్వచ్ఛందసంస్థ కూడా ఉన్నారు. దివాలా న్యాయం ప్రకారం ఒకే శ్రేణిలోని రుణదాతలందరికీ సమాన నిష్పత్తిలో చెల్లింపు జరగాలి. ఇంగ్లండు లీగుల నియమం వేరు: లీగులో స్థానం నిలవాలంటే ఆటగాళ్ల బాకీలు, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా తీరాలి. మిగిలిన సామాన్య రుణదాతలకు ప్రతిపాదించినది పౌండుకు 20 పెన్నీలు. అంటే వెయ్యి పౌండ్లు రావలసిన వ్యాపారికి దక్కేది రెండువందలే, అదీ వాయిదాలలో.

ఈ నియమానికి సమర్థన లేకపోలేదు. ఒక క్లబ్బు బదిలీ రుసుము ఎగవేస్తే, ఆ సొమ్మును నమ్ముకున్న మరో క్లబ్బు కూలవచ్చు. ధర చెల్లించకుండా ఆటగాడిని బరిలో దింపడం పోటీదారులకూ అన్యాయమే. అయితే ఈ రక్షణకు మూల్యం చెల్లించేది ఆటతో సంబంధంలేని చిన్న రుణదాత. పన్నులశాఖ ఈ నియమాన్ని హైకోర్టులో సవాలు చేసి 2012లో ఓడిపోయింది. కాని తన తీర్పును ఆ విధానానికి ఆమోదంగా భావించరాదని న్యాయమూర్తి స్పష్టం చేశారు.

5. నియమాల పరిధి:
2011లో ఐరోపా అగ్రశ్రేణి క్లబ్బుల మొత్తం నష్టం సుమారు 170 కోట్ల యూరోలు. అప్పటికే ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య రాబడికి తగిన ఖర్చు అన్న సూత్రంతో కొత్త నియమాలు రూపొందించింది. 2017 నాటికి క్లబ్బులు మొత్తంమీద లాభాల్లోకి వచ్చాయి. 2022లో సవరించిన నియమాలు జీతాలు, బదిలీలు, ఏజెంట్ల ఖర్చును క్రమంగా రాబడిలో 70 శాతానికి పరిమితం చేశాయి. రాబడి ఎక్కువున్న క్లబ్బుకే ఎక్కువ ఖర్చుచేసే వీలుండటం వల్ల పెద్దక్లబ్బుల ఆధిక్యం స్థిరపడుతుందన్న విమర్శ వీటిపై ఉంది.

అంతకంటే తక్కువగా చర్చకు వచ్చే లోపం మరొకటి. గడువు మీరిన బాకీలను ఈ నియమాలు తనిఖీ చేస్తాయి. ఆ తనిఖీ ప్రధానంగా ఇతర క్లబ్బులు, ఉద్యోగులు, పన్నుల అధికారులకు రావలసిన వాటికే. స్టేడియానికి సరుకులు పంపిన దుకాణదారు ఆ జాబితాలో లేడు.

బాకీలు పేరుకుపోతే నష్టపోయేది ఊరు కూడా అనడానికి తెలుగునేలపైనే ఉదాహరణ ఉంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. రెండేళ్లలోపే జీతాల బకాయిలతో కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం ఎదుర్కొంది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

6. ముగింపు:
నష్టానికి హద్దు గీయడం అవసరమే, కాని అది సరిపోదు. జర్మనీలో 1998 నుంచి, కొన్ని మినహాయింపులతో, ఓటుహక్కులో సగానికి మించిన వాటా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం అమలవుతున్నది. ఇంగ్లండు 2025లో చట్టం ద్వారా స్వతంత్ర నియంత్రణసంస్థను ఏర్పరచింది. ఇవి ఊరివారి హక్కును గుర్తించే ప్రయత్నాలు. క్లబ్బు కూలిన రోజున బాకీల జాబితాలో చివరి పేరుకు ఎంత దక్కింది అన్నదే ఏ నియమానికైనా అసలు పరీక్ష. ఆ చివరి పేరుకు రక్షణ లభించేంతవరకు ఫుట్‌బాల్‌లో ఆర్థికన్యాయం క్లబ్బుల మధ్య ఒప్పందంగానే మిగులుతుంది.