ఇంటి కప్పు రంగు – ఇంటిలోని వేడి

కూడు, గుడ్డల తరువాత మానవునికి కావలసినది నీడ. ఎండవానల నుండి కాపాడుకొనుటకే మనము ఇంటికి కప్పు వేసికొందుము. అట్టి కప్పే వేసవిలో ఇంటిని కుంపటిగా మార్చుటకు పెక్కు కారణములు కలవు. వానిలో మనము మిక్కిలి తక్కువగా ఆలోచించునది కప్పు రంగు. మన పెదపాడు, ఏలూరు, కొల్లేటి ప్రాంతపు ఇండ్లను దృష్టిలో ఉంచుకొని ఆ విషయమును ఇచట వివరింప ప్రయత్నింతుము.

సూర్యరశ్మి కప్పు మీద పడినపుడు అందులో కొంత భాగము వెనుకకు మరలిపోవును. మిగిలినది కప్పులోనికి ఇంకి వేడిగా మారును. ఆ వేడిలో కొంత గాలిలో కలియును. కొంత కిరణరూపమున ఆకాశమునకు పోవును. శేషించినది ఇంటిలోనికి దిగును. కాబట్టి మంచి కప్పునకు రెండు గుణములు ఉండవలెను. మొదటిది ఎండను త్రిప్పి పంపు శక్తి. దీనిని పరావర్తనము అందురు. రెండవది గ్రహించిన వేడిని ఆకాశమునకు విడిచిపెట్టు శక్తి. దీనిని ఉద్గారము అందురు.

మొదటి గుణమును కొన్ని అంకెలతో చూతము. నల్లని తారు పూత ఎండలో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే త్రిప్పి పంపును. వానలకు తడిసి నల్లబడిన పాత సిమెంటు స్లాబు 20 నుండి 30 పాళ్లు పంపును. క్రొత్తగా వేసిన తెల్లని సున్నపు పూత 70 నుండి 80 పాళ్ల వరకు పంపగలదు. వేసవి మధ్యాహ్నము ఒక చదరపు మీటరు కప్పుపై సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడును. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిపై పడునది సుమారు 9,300 వాట్లు. అందులో పాత స్లాబు 7,000 వాట్లు గ్రహించును. సున్నము వేసిన స్లాబు 2,300 వాట్లు మాత్రమే గ్రహించును. ఈ వేడి అంతయు గదిలోనికి దిగదు, నిజమే. అయినను ఈ రెంటికి గల తేడా వేయి వాట్ల విద్యుత్తు పొయ్యిలు నాలుగింటికి మించియున్నది.

రంగు విషయములో కన్ను కొన్నిసార్లు మోసపోవును. సూర్యశక్తిలో ఇంచుమించు సగము కంటికి కనిపించని పరారుణ కిరణములుగా వచ్చును. అందుచేత చూపునకు ఒకే రంగుగా ఉన్న రెండు పూతలు వేడి విషయములో వేరుగా ఉండవచ్చును. అమెరికాలో మన తెలుగువారు కొన్న ఇండ్లలో అనేకమునకు తారు పలకల కప్పులు ఉండును. వానిలో తెల్లనివని అమ్ము సాధారణపు పలకలు కూడ, పైనున్న గరుకు రేణువుల కారణమున, ఎండలో పావువంతు మాత్రమే త్రిప్పి పంపును. అట్లే క్రొత్త జింకు రేకు తళతళలాడుచు ఎండను బాగుగనే త్రిప్పి పంపును. కాని దానికి ఉద్గార శక్తి తక్కువ. గ్రహించిన కొద్దిపాటి వేడిని కూడ విడువలేక అది చేయి కాలునంతగా కాగును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. పూర్వము కొల్లేటి లంకలలోను, డెల్టా గ్రామములలోను తాటాకు ఇండ్లు విరివిగా ఉండెడివి. ఏండ్లు గడచిన తాటాకు కప్పు రంగు ఇంచుమించు నలుపే. అయినను లోపల చల్లగా ఉండెడిది. ఆకుల పొరల నడుమ చిక్కుకొన్న గాలి వేడిని దిగనీయకపోవుటయే దీనికి కారణము. తరువాత పెంకుటిండ్లు వచ్చినవి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు ప్రారంభించిన కర్మాగారముతో ప్రసిద్ధి పొందిన మంగుళూరు పెంకులు మన పల్లెలకును చేరినవి. పెంకుల సందుల గుండా వేడిగాలి పైకి పోవును. కాబట్టి ఆ రెండు కప్పులకును రంగుతో అంతగా పని లేకపోయినది.

స్లాబు, సిమెంటు రేకు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. రేకు పలుచనిది, ఎండ తగిలిన కొలదిసేపటికే వేడి తలపై కురియును. చేపల చెరువుల గట్లపై రేకుల షెడ్లలో కాపలా ఉండువారికి ఈ బాధ బాగుగా తెలియును. స్లాబు మందమైనది. అది పగలంతయు వేడిని త్రాగి, కొన్ని గంటల తరువాత లోపలికి విడుచును. ప్రొద్దు క్రుంకిన తరువాత కూడ డాబా ఇంటిలో ఉక్క తగ్గకపోవుటకు ఇదియే ముఖ్య కారణము. అనగా మనము కప్పును మార్చితిమి గాని, ఆ క్రొత్త కప్పునకు తగిన రంగును మార్చలేదు. అగ్నిప్రమాదముల నుండి, తుఫానుల నుండి స్లాబు మనలను రక్షించుచున్నది. దానిని వదలి తాటాకునకు మరలిపోవలసిన పని లేదు. దానికి తెలుపు చేర్చిన చాలును.

కొల్లేటి సామీప్యమున మన గాలిలో తేమ ఎక్కువ. తేమగాలిలో చెమట ఆరదు. నీటి కూలర్లు కూడ సరిగా పనిచేయవు. కనుక వేడిని లోపలికి రానీయకుండుటయే మనకు మేలైన మార్గము. ఇది కేవలము సుఖమునకు సంబంధించిన మాట కాదు. 2015 వేసవి వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా మరణించిరి. పగలు ఎండలో పనిచేసి వచ్చిన కూలికి రాత్రియైనను చల్లని చోటు దొరకనిచో శరీరము కోలుకొనజాలదు. ఏ.సి. కొనగలవానికి కప్పు రంగు కరెంటు బిల్లుకు సంబంధించినది. కొనలేనివానికి అది ఆరోగ్యమునకు సంబంధించినది.

తెలుగునాట ఈ విషయమై పరిశోధన జరిగినది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు హైదరాబాదు వాణిజ్య భవనములపై చేసిన అధ్యయనము 2012లో వెలువడినది. మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేసినచో, చదరపు మీటరుకు ఏడాదికి 13 నుండి 14 యూనిట్ల విద్యుత్తు ఆదా అగునని అది తెలిపినది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పునకు ఏడాదికి 1,300 యూనిట్లకు తగ్గదు. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేద ఇండ్లపై తెల్లని పొర పరచి చూడగా, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము 2028 వరకు వర్తించు శీతల కప్పుల విధానమును ప్రకటించినది.

అయితే తెలుపునకు కొన్ని పరిమితులు కలవు. మేడలో దాని ఫలితము పై అంతస్తునకే ఎక్కువగా చెందును. చలిదేశములలో నల్లని కప్పు శీతకాలమున కొంత ఉపకరించును. ఇండ్లను వెచ్చబెట్టుకొను అవసరము లేని మనకు ఆ చింత లేదు. మన అసలు శత్రువు నాచు. వానకాలములో నాచు పట్టి, దుమ్ము చేరి, తెలుపు నలుపగును. కనుక ఏటేటా, ఉగాదికి ముందే పూత వేయవలెను.

పద్ధతి సులభము. ముందుగా స్లాబును తోమి, కడిగి, ఆరబెట్టవలెను. గుల్లసున్నమును నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, బంక కలిపి, ఎండ తగ్గిన వేళ రెండు పూతలు వేయవలెను. సున్నము తడిపినపుడు మరగును; కంటిలో పడినచో చూపునకే ముప్పు. కంటి అద్దములు, చేతి తొడుగులు తప్పనిసరి. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉండును గనుక వానిని గీకరాదు, రుద్దరాదు. వానిపైకి ఎక్కుటయు ప్రమాదమే. అట్టి పనిని తెలిసినవారికే అప్పగింపవలెను.

మార్చి, ఏప్రిల్ నెలలలో పరీక్షలు వ్రాయునది పై అంతస్తు గదులలో కూడనే. కళాశాల పాలకవర్గము వారు ఈ ఏడు పై అంతస్తులో సమానమైన రెండు గదులను ఎన్నుకొని, ఒకదాని కప్పునకు మాత్రము సున్నము వేయింపవలెనని మా విన్నపము. విద్యార్థులు పది దినములు, మధ్యాహ్నము రెండు గంటలకును సాయంత్రము ఆరు గంటలకును, రెండు గదులలోను ఉష్ణమాపకముతో కొలిచి పట్టిక వ్రాయవచ్చును. ఖర్చు స్వల్పము. ఆ పట్టికను చూచిన పిమ్మట తక్కిన గదుల మాటను పాలకవర్గమే నిర్ణయింపవచ్చును. విద్యార్థులును ఆ పట్టికను తమ ఇండ్లకు తీసికొనిపోయి పెద్దలకు చూపవచ్చును.