కౌజు పిట్టకి ఆకు ఎంత పెట్టాలి?

మా పిన్ని పెరట్లో 60 కౌజు పిట్టలు పెంచుతోంది. దాణా బస్తా రేటు చూసి గోల పెడుతుంటే, నేను రెండు వీడియోలు చూసి "సగం దాణా ఆపేసి అజొల్లా వెయ్యి పిన్నీ, అందులో 25 శాతం ప్రోటీన్" అని ఫోన్‌లో చెప్పేశాను. పది రోజులకి తనే ఫోన్ చేసింది. "ఒరేయ్, గుడ్లు సగానికి పడిపోయాయిరా!"

కూర్చుని లెక్కేస్తే సిగ్గేసింది. ఆ 25 శాతం ఎండిన అజొల్లాది. పచ్చిదాంట్లో 90 శాతానికి పైగా నీళ్లే. గుడ్లు పెట్టే కౌజు రోజుకి సుమారు 25 గ్రాములు తింటుంది. దాణాలో 20 శాతం ప్రోటీన్ ఉంటే, 5 గ్రాములు. సగం దాణా తీసేస్తే రెండున్నర గ్రాములు పోయినట్టు. దాని బదులు అంతే తూకం పచ్చి అజొల్లా వేస్తే వచ్చేది పావు గ్రాము, అంతే. యూనిట్లు చూడకుండా కోడ్ రాసినట్టు!

పైగా కౌజు పెట్టే గుడ్డు 10 గ్రాములు ఉంటుంది. పిట్టేమో 200 గ్రాముల లోపే. ఒంటి బరువుతో పోలిస్తే కోడి కంటే పెద్ద గుడ్డు పెడుతోందన్నమాట, అదీ దాదాపు రోజూ. దాని చిన్న కడుపుని నీళ్లతోనో పీచుతోనో నింపేస్తే గుడ్డుకి సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అలాగని ఆకు పనికిరాదని కాదు. మునగాకుని నీడలో ఎండబెట్టి పొడి చేస్తే అందులో కూడా దాదాపు 25 శాతం ప్రోటీన్ ఉంటుంది, ఇది మాత్రం నీళ్లు పోయాక లెక్క. 100 కిలోల దాణాలో 2, 3 కిలోలతో మొదలుపెట్టొచ్చు. ప్రోటీన్ తగ్గదు, పచ్చసొన రంగు బాగా వస్తుంది. అయితే సోయా చెక్క తీసేసి దాని స్థానంలో అంతే మునగాకు పొయ్యకూడదు. సోయా చెక్కలో 45 శాతం దాకా ఉంటుంది కదా. మొక్కజొన్నలో 9. ఈ రెండిటితోనే 20 శాతం రావాలంటే 25 పాళ్లు మొక్కజొన్నకి 11 పాళ్లు సోయా చెక్క. ఇంటర్‌లో చేసిన లెక్కే. గుడ్డు పెంకు కోసం ఆల్చిప్పల పొడి, ఇంకా మినరల్ మిక్స్ కూడా కలపాలి కాబట్టి సోయా ఇంకాస్త పెంచుకోవాలి. పిల్లలకైతే 24 శాతానికి తగ్గకూడదు.

కొన్నిటి జోలికి మాత్రం వెళ్లొద్దు. పచ్చి సోయా గింజలు వేస్తే ప్రోటీన్ అరగనివ్వవు, వేయించాల్సిందే. సుబాబుల్ ఆకులో ప్రోటీన్ ఉంది గానీ మిమోసిన్ అనే విషం కూడా ఉంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క ఎంత చవగ్గా వచ్చినా వద్దు, అఫ్లాటాక్సిన్‌తో లివర్ పోతుంది.

పిన్ని ఇప్పుడు పూర్తి దాణా పెట్టి, అందులో 2 శాతం మునగాకు పొడి కలుపుతోంది. అజొల్లా మానలేదు, సాయంత్రం పూట గుప్పెడు పైన చల్లుతుంది. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఒక చిన్న కాటా కొనిచ్చి వచ్చాను.