మోటుపల్లి: రేవులేని రేవుపట్టణం, శాసనంలో మిగిలిన నగరం

వ్యాససంగ్రహం: కాకతీయుల కాలంలో అంతర్జాతీయ వర్తకకేంద్రమైన మోటుపల్లిలో నేడు నగరశిథిలాలుగా కనిపించేవి స్వల్పం. ఆ నగరాన్ని చూడాలంటే గణపతిదేవుని అభయశాసనం ద్వారానే చూడవలసి ఉంటుందని, దానిని కేవలం దయాశాసనంగా కాక సుంకపత్రంగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోటుపల్లి, అభయశాసనం, గణపతిదేవుడు, క్లృప్తశుల్కం, సముద్రవర్తకం.

1. క్షేత్రంలో కనిపించేది

మోటుపల్లి నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని గ్రామం. 2022 నాటి జిల్లాల పునర్విభజనకు ముందు ప్రకాశం జిల్లాలో ఉండేది. చీరాల మీదుగా వెళ్లేవారికి దారిపొడవునా ఇసుక నేలలు, చినగంజాం ఉప్పుమళ్లు కనిపిస్తాయి. గ్రామంలో వీరభద్రస్వామి ఆలయం, కోదండరామస్వామి ఆలయం ఉన్నాయి. ప్రాచీన నగరమనగానే కోటగోడలు, రాతిమెట్ల రేవు, గిడ్డంగుల పునాదులు ఊహించుకొని వెళ్లినవారికి ఇక్కడ ఆశాభంగం తప్పదు.

ఈ ఆశాభంగానికి కారణం కాలం ఒక్కటే కాదు. కోరమాండల్ తీరంలోని పాతరేవుల్లో పెక్కింటికి కట్టిన ఓడరేవు అసలే ఉండేది కాదు. పెద్దఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. చిన్నపడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. కనుక రేవంటే రాతికట్టడం కాదు. ఒడ్డున అంగడి, సుంకం వసూలుచేసే అధికారి, వర్తకుని సొత్తుకు రాజు ఇచ్చే పూచీ, ఈ మూడూ కలిస్తేనే రేవు. వీటిలో మొదటి రెండూ ఇసుకలో కలిసిపోయాయి. మూడవది మాత్రం వీరభద్రాలయ మండపస్తంభం మీద నిలిచింది.

రావికమతం ప్రాంతపు విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ విశాఖపట్టణం. శాసనాలు దానికి కులోత్తుంగచోళపట్టణమనే పేరు కూడా చెబుతున్నాయి. ఆ మధ్యయుగపు రేవు నేటి మహానగరం అడుగున పడిపోగా, మోటుపల్లి పల్లెగా మారింది. ఒకటి పెరిగి తన గతాన్ని కప్పుకొన్నది, మరొకటి తరిగి పోగొట్టుకొన్నది. మోటుపల్లికి కూడా శాసనంలో దేశుయ్యక్కొండపట్టణమనే మరోపేరు ఉంది. రెండు పేర్లలోనూ తమిళముద్ర స్పష్టం.

2. అభయశాసనం

ఈ శాసనకాలం శకవర్షం 1166, క్రోధి సంవత్సరం, అంటే క్రీ.శ. 1244-45. హుల్ట్జ్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. సంస్కృతభాగం వంశావళితో మొదలవుతుంది. కాకతీయులను సూర్యవంశంతోనూ, కరికాలచోళునితోనూ ముడిపెట్టే వంశావళి ఇది. బోత్పూరు వంటి శాసనాల్లో ఇదే వంశాన్ని చతుర్థకులంగా చెప్పుకోవడంలో సంకోచం లేదు. తెలంగాణపు ఊరిలో అక్కరలేని సూర్యవంశం సముద్రతీరంలో ఎందుకు అవసరమైంది? తమిళదేశపు వర్తకులు, చోళసంప్రదాయపు స్మృతి ఉన్న రేవులో చోళసంబంధానికి విలువ ఉండివుంటుందని నా ఊహ.

తరువాత వచ్చే విషయమే ఈ శాసనానికి ప్రాణం. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపురాజులు బలవంతంగా తీసుకొనేవారని అందులో నిస్సంకోచంగా ఉంది. తాము మాత్రం ప్రాణంకన్న ధనమే మిన్నయని సముద్రప్రయాణానికి తెగించినవారిపై దయతో, కీర్తికోసం, పుణ్యంకోసం, నియతసుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ దయ దగ్గరే ఆగిపోతాయి. మనం రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఒక ఆచారాన్ని మానుకొంటున్నామని రాతిపై చెక్కించవలసి వచ్చిందంటే ఆ ఆచారం వర్తకుల మనసులో భయంగా ఇంకా మెదలుతూ ఉందన్నమాట. రెండవది, ఇది ఆంధ్రదేశపు ప్రత్యేకదోషం కాదు. మధ్యయుగపు ఐరోపాలోనూ నౌకాభంగపు సొత్తు తీరాధిపతికే చెందేది. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ఆ హక్కును కొంత తగ్గించింది: మునిగిన ఓడనుంచి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే ఆ సొత్తు నౌకాభంగపు సొత్తు కిందికి రాదు. పిల్లి బతికి బయటపడటంతో పనిలేకుండా గణపతిదేవుడు దానికి ముప్పయ్యేళ్ల ముందే వర్తకునికి భరోసా ఇచ్చాడు.

3. సుంకాల పట్టిక

ఇక్కడ 'క్లృప్తశుల్కం' అనే మాట దగ్గర ఆగాలి. నేటి తెలుగులో క్లుప్తమంటే సంక్షిప్తం. సంస్కృతంలో క్లృప్తమంటే ఏర్పరచినది, నిర్ణయించినది. విద్యార్థి దీనిని 'కొద్దిపాటి సుంకం'గా అర్థం చేసుకొంటే శాసనహృదయమే తారుమారవుతుంది. సుంకం తక్కువ కావడం కంటె ముందుగా తెలియడం వర్తకునికి ముఖ్యం. ఎగుమతి దిగుమతులపై ముప్పయింట ఒకవంతు అని శాసనం తేల్చింది, అంటే నూటికి సుమారు 3.3.

సరుకులవారీ వివరాల్లో గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు ఉన్నాయి. వంశావళికి సంస్కృతం, వసూలు వివరాలకు తెలుగు! రేవులో సుంకరికి, సరుకుదారునికి అర్థం కావలసినది తెలుగు పట్టికే. పన్నీరు, పోకలు, మిరియాలు నేటికీ మన వంటింట్లో, పెళ్లింట్లో ఉన్న మాటలు. వాణిజ్య తెలుగు చరిత్ర రాయదలచిన పరిశోధకులకు ఈ పట్టిక కావ్యాలంత ముఖ్యమైన ఆకరం.

4. తరువాతి సాక్ష్యాలు

మార్కోపోలో చెప్పిన 'ముత్ఫిలి' ఈ రేవేనని చరిత్రకారులు గుర్తించారు. సాలెగూడువంటి సన్నని వస్త్రాలను, వజ్రాలను అతడు ప్రస్తావించాడు. పాలకురాలిని గత రాజు భార్యగా చెప్పాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. రేవులో విన్న మాటను చేరవేసే యాత్రికుని కథనానికి, రాజాజ్ఞను మోసే రాతికి ఉన్న తేడా ఇదే.

కాకతీయరాజ్యం 1323లో పతనమయ్యాక ఆ హామీకి విలువ పోయింది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇక్కడే మరొక శాసనం వేయించి సముద్రవర్తకులకు తిరిగి సౌకర్యాలు ప్రకటించాడు. రాజు మారినప్పుడల్లా మాట కొత్తగా ఇవ్వవలసి వచ్చిందనడానికి ఇది సాక్ష్యం. ఆ వంశంలోని కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టు అంటూ ఆ అవతారిక చెప్పే సరుకులను శాసనపట్టిక పక్కన పెట్టి చదవడం ఉపయుక్తం. అయితే అవన్నీ మోటుపల్లిలోనే దిగాయని ఆ పద్యం ఆధారంగా నిర్ణయించలేం.

మోటుపల్లికి వెళ్లే పరిశోధకులు హుల్ట్జ్ పాఠం ప్రతిని వెంట తీసుకువెళ్లి, స్తంభం ఎదుట నిలిచి పంక్తివెంట పంక్తి సరిచూసుకోవడం మంచిది. ఉప్పుగాలి సోకే తీరంలో రాతి అక్షరాల స్థితిని కొన్నేళ్లకొకసారి ఛాయాచిత్రాలతో నమోదుచేయడం సమీప కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పని.