గోరుచుట్టు కాదేమో చూడండి

వేలి కొస ఎర్రగా వాచి సలుపుతుంటే మన ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది గోరుచుట్టు. నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడుగుతాం. తగ్గకపోతే యాంటీబయాటిక్ మింగుతాం. చాలాసార్లు అంతటితో పోతుంది కూడా. పోనివాళ్ళలో ఏ ఒక్కరికో ఎక్స్‌రే తీస్తే, గోరు కింద బాణం మొనలా తెల్లగా కనబడాల్సిన ఎముక చోట నల్లటి ఖాళీ ఉంటుంది. మరెక్కడో పుట్టిన క్యాన్సర్ అక్కడిదాకా పాకి ఆ ఎముకను తినేసింది. చేతి వేళ్ళకు అది ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వస్తుంది. ఎముకలకు పాకే క్యాన్సర్లలో చేతులకో పాదాలకో చేరేవి వెయ్యికి ఒకటి. అయినా కొందరిలో ఒంట్లో క్యాన్సర్ ఉందని మొదట చెప్పేది ఆ వేలే.

చీము పట్టినా ఎముక కరుగుతుంది. అందుకే డాక్టర్లు కీలు వంక చూస్తారు. చీము కీలులోకి దిగి అవతలి ఎముకనూ పాడుచేయగలదు. క్యాన్సర్ సాధారణంగా కీలులోని మృదులాస్థి దగ్గరే ఆగుతుంది.

ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే హడలిపోనక్కర్లేదు. చేతి ఎముకల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే గడ్డ ఎన్‌కాండ్రోమా. అది క్యాన్సర్ కాదు. ఎముక నడుమ గుండ్రని నల్లటి మచ్చ, లోపల పేలాల్లా తెల్లని సున్నపు చుక్కలు, చుట్టూ పెన్సిల్‌తో గీసినంత స్పష్టమైన అంచు. చిన్న దెబ్బకే వేలు విరిగి, ఫిల్మ్ తీసినప్పుడు ఇది బయటపడుతుంటుంది. చేతి ఎముకల్లో పుట్టే క్యాన్సర్ కాండ్రోసార్కోమాలోనూ అవే చుక్కలుంటాయి. తేడా అంచులో ఉంది. కాండ్రోసార్కోమాలో గీత చెరిగి, గడ్డ ఎక్కడ ఆగి మంచి ఎముక ఎక్కడ మొదలైందో తెలియదు. ఎముక పైపెంకు తెగి, పక్క కండలోకి గడ్డ నీడ పొంగుతుంది. నా మటుకు ఎక్స్‌రేలో అంచును మించిన సాక్ష్యం లేదు.

పిల్లల పాదంలో ఎవింగ్ సార్కోమా వస్తే ఎముక మీద ఉల్లిపొరల్లా పొరలు కట్టవచ్చు. ఎముక కుళ్ళినా అలాగే కడతాయి కాబట్టి తేల్చాల్సింది ముక్క పరీక్షే.

మొదటి ఫిల్మ్ బాగుందని ధీమా పడకూడదు. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగితే గానీ ఎక్స్‌రేలో మచ్చ తేలదు. వాపు వారాలు గడిచినా తగ్గకపోయినా, రాత్రిళ్ళు నొప్పి నిద్ర లేపుతున్నా మళ్ళీ వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత ఫిల్మ్ తప్పకుండా పట్టుకెళ్ళండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అంచు కదిలిందో లేదో తెలుస్తుంది.